పిడుదు వెతుకుతున్న ఎలక

ఒకప్పుడు పిడుదుకు ఒక్కటే ఇల్లు. మన తలలో పేను కాపురం ఉన్నట్టు, పొలం ఎలక ఒంటిమీద పిడుదు కాపురం ఉండేది. అక్కడే పుట్టేది, అక్కడే చుక్క నెత్తురు తాగేది, అక్కడే ముసలిదయ్యేది.

దానికి కళ్లు లేవు పాపం. ఒంటి వెచ్చదనం, ఊపిరి వాసన, ఈ రెండే గుర్తులు. ఇల్లు కదలని వాళ్లకు అంతకన్నా ఎందుకు?

ఒళ్లు పెరిగినప్పుడల్లా పిడుదు పాత చర్మం విడిచేస్తుంది. ఒకరోజు ఒక పిల్ల పిడుదు అలా విడవబోతుంటే ఎలకకు ఒళ్లు మండింది. “మీ అమ్మ విడిచినవే ఇంకా నా మెడకు వేలాడుతున్నాయి. నువ్వన్నా కిందికి దిగి మార్చుకో,” అంది.

పిల్ల పిడుదు సిగ్గుపడి దిగింది. గడ్డిదుబ్బులో దూరి తీరిగ్గా చర్మం మార్చుకుంది. దిగినప్పుడు ఆరు కాళ్లు, లేచేసరికి ఎనిమిది! ఎక్కువొచ్చిన ఈ రెండూ ఎవరివో దానికి అర్థం కాలేదు. చుట్టూ తడిమితే ఎలకా లేదు. ఎలక దీనికోసం పని మానుకుని కూర్చుంటుందా?

ఆకలి వేసింది. భయమూ వేసింది. గడ్డిపోచ కొసకెక్కి ముందుకాళ్లు చాచింది. వెచ్చని ఊపిరి తగలగానే పట్టుకుని ఎక్కేసింది. చెవులు మరీ పొడుగు. “నేను మారాను కదా, మా ఎలకా మారి ఉంటుంది,” అని సర్దిచెప్పుకుంది. అది కుందేలు. నాలుగు గంతుల్లో పొలం దాటించేసింది.

మళ్లీ చర్మం బిగుతైంది, మళ్లీ దిగింది, లేచేసరికి కుందేలూ మాయం. ఈసారి ఎక్కింది కొండంత ఒళ్లు. పాకుతూ పాకుతూ పైకి వెళితే కొమ్ములు తగిలాయి. ఎలకకు కొమ్ములేమిటని పిడుదు తల తిరిగిపోయింది. రేపోమాపో గుడ్లు పెట్టాలి. పిల్లలకు ఇల్లు చూపించాలి. ఇక ఆగలేక అడిగేసింది.

“నువ్వు మా ఎలకవేనా?”

“నేను ఆవునమ్మా,” అంది ఆవు. “మేతకోసం రెండు ఊళ్లు దాటి వచ్చాను. మీ ఎలక ఏ పొలంలో ఉందో నాకేం తెలుసు?”

పిడుదుకు ఏడుపొచ్చింది. ఎవరింట్లో ఇన్నాళ్లూ తిన్నానో తెలియనందుకు సిగ్గేసింది. కడుపునిండా తాగి, జారి దిగి, రాతికింద వేలకు వేలు గుడ్లు పెట్టింది. ఒంట్లో ఓపిక అయిపోతోంది.

“అమ్మలూ, మనిల్లు ఏదో నాకూ తెలియలేదు,” అంది గుడ్లతో. “గడ్డికొసన కూర్చుని చేతులు చాచండి. వెచ్చగా ఊపిరి తగిలితే అడగండి.” ఆ మాటతో దాని ప్రాణం పోయింది.

అప్పటినుంచే పిడుదు ఒక చోట పుట్టి, ఇంకో చోట పెరిగి, మరో చోట గుడ్లు పెడుతుంది. పశువులు మేసిన చోటల్లా ఉంటుంది. ఎలకనీ కుందేలునీ ఆవునీ మేకనీ, చివరికి గడ్డిలో నడిచే మన పిక్కనీ వదలదు. కుట్టిందని మనం తిట్టుకుంటాం కానీ, పాపం అది అమ్మ చెప్పినట్టే అడుగుతోంది, నువ్వు మా ఎలకవేనా అని.