గుమ్మడికాయ కప్పుకున్న పిండి

ఒకప్పుడు బూడిద గుమ్మడికాయ ఒంటిమీద బూడిద ఉండేది కాదు. ఆకుపచ్చగా, నున్నగా మెరిసేది. కానీ పాపం, గట్టిగా వానలు పట్టాయంటే చాలు, బూజు వచ్చి దాన్ని తినేసేది.

ఆ రోజుల్లో రొట్టెలు కూడా పొంగేవి కావు. పలకల్లా గట్టిగా ఉండేవి. ఒక ఊళ్లో నీలవ్వ అని ఒకామె ఉండేది. వాళ్ల అమ్మకేమో పళ్లన్నీ ఊడిపోయాయి. రొట్టె ముక్క నోట్లో వేసుకుని ఇటు తిప్పేది, అటు తిప్పేది, చివరికి తీసి పక్కన పెట్టేసేది.

"నావల్ల కాదు బిడ్డా. నువ్వు తిను," అనేది.

ఆ ముసలమ్మ రోజురోజుకీ చిక్కిపోయింది. నీలవ్వకు మొదట ఏడుపొచ్చింది. తర్వాత పంతం వచ్చింది.

"మా అమ్మ తినే రొట్టె చేసి తీరతాను!" అంది.

పిండిని గంటలకొద్దీ పిసికింది. రొట్టె గట్టిగానే వచ్చింది. వేడినీళ్లు పోసి కలిపింది. అయినా గట్టిగానే వచ్చింది. అప్పుడు పిండిలో నీళ్లు కలిపి, కుండలో పోసి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి, ఏమవుతుందో చూద్దామని కూర్చుంది.

పుల్లటి వాసన మొదలైంది. పక్కింటి సోమక్క ముక్కు మూసుకుంటూ వచ్చింది.

"పారెయ్యవే తల్లీ! వీధంతా కంపు!"

"ఇంకాస్త చూస్తాను సోమక్కా."

రోజూ కొంచెం పిండి తీసేసి, కొత్త పిండి, కొత్త నీళ్లు పోసింది. ఓ పొద్దున కుండలోంచి "బుడుక్" అని చప్పుడైంది. నీలవ్వ మూత తీసింది. పిండి నిండా బుడగలు!

"ఆకలి! ఇంకొంచెం పెట్టు!" అంది పిండి.

నీలవ్వ ఎగిరి గంతేసింది. ఆ పిండి కొంత తీసి గోధుమ పిండిలో, బెల్లంలో కలిపి, నూనె రాసిన గిన్నెలో పోసి, కింద నిప్పులు, మూతమీద నిప్పులు పెట్టింది. రొట్టె దూదిలా పొంగింది. అమ్మ ఒక ముక్క తింది. నాలుకతో నొక్కితేనే కరిగిపోయింది.

"ఇంకో ముక్క ఉందా?" అంది అమ్మ. ఆ మాట విని ఎన్నాళ్లయిందో!

నీలవ్వ ఆ పిండికి తోడుపిండి అని పేరు పెట్టింది. సోమక్కకు ఒక ముద్ద ఇచ్చింది. పొరుగూళ్లో ఉండే చెల్లెలు చంద్రికి ఒక ముద్ద పంపింది.

"రోజూ దీనికి ఇంత తిండి పెట్టండి. కొంత వాడుకోండి, కొంత ఉంచండి. ఎవరైనా అడిగితే లేదనకండి," అని చెప్పింది.

ఇంతలో వానాకాలం వచ్చింది. వాన వెంట బూజు వచ్చింది. నెరిసిన గడ్డంతో, తడి గోడలమీద పాకుతూ వచ్చింది. సోమక్క కుండలో పిండిని బూజు తినేసింది. చంద్రి తడుస్తూ పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నా పిండి కూడా పోయింది!"

నీలవ్వ తన కుండ చూసుకుంది. అంచంతా బూజే. అడుగున మాత్రం పిడికెడు పిండి మంచిగా మిగిలింది. దాన్ని తీసి గుప్పిట్లో పట్టుకుంది.

బూజు పకపకా నవ్వింది. "ఎక్కడ దాస్తావు? తడి ఉన్న చోటల్లా నేనుంటాను!"

"తడి లేని చోటే వెతుకుతాను," అంది నీలవ్వ.

చీమను అడిగింది. "మా ఇంట్లో పెడితే మా పిల్లలు ఒక్క పూటలో నాకేస్తారు," అంది చీమ. వేపచెట్టును అడిగింది. "నా తొర్ర నిండా నీళ్లే తల్లీ," అంది వేపచెట్టు.

అప్పుడు పాకమీంచి ఒక గొంతు వినిపించింది.

"నీలవ్వా, నా ఒంటికి పూసి చూడు."

అది గుమ్మడికాయ!

"నీకు భయం లేదా? బూజు నిన్నూ తింటుందిగా?" అంది నీలవ్వ.

"భయమే. ఎలాగూ నన్ను తినడానికి వస్తుంది. ఊరికే కూర్చునేకంటే ఎదురు నిలబడతాను."

నీలవ్వ గుమ్మడికాయను కోసి ఇంట్లోకి తెచ్చింది. తుడిచి, తోడుపిండిని పల్చగా ఒళ్లంతా పూసింది. పొయ్యి పైన ఉట్టిలో పెట్టింది. కింద మంట ఆరనివ్వలేదు. వేడికి పిండి ఎండి తెల్లటి పొడి అయిపోయింది.

గుమ్మడికాయకు ఒళ్లంతా దురద. పొగకు ఉక్కిరిబిక్కిరి. అయినా కదల్లేదు.

బూజు ఉట్టి తాడు పట్టుకుని దిగింది. గుమ్మడికాయమీద కాలు పెట్టింది. పొడి జారింది, కాలు జారింది. గోళ్లతో పట్టుకోబోయింది. నోటి నిండా పుల్లటి పొడి! మళ్లీ ఎక్కింది, మళ్లీ జారింది.

"ఒక్క చుక్క తడి ఇవ్వవే!" అని బతిమాలింది.

"ఇవ్వను!" అంది గుమ్మడికాయ.

వానలు వెలిశాయి. బూజు ఊరు విడిచిపోయింది. నీలవ్వ కొంత పొడి గీకి, గోరువెచ్చని నీళ్లలో కలిపి, పిండి వేసింది. ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ కాలేదు.

"చచ్చిపోయిందేమో అక్కా. ఇక వదిలెయ్," అంది చంద్రి.

"నిద్రపోతోంది. లేపుతాను," అంది నీలవ్వ. మళ్లీ తిండి పెట్టింది. కుండను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"బుడుక్!"

అమ్మ మంచంమీంచే తల ఎత్తింది. "రొట్టె చేస్తున్నావా బిడ్డా?"

ఆ సాయంత్రం అమ్మ కడుపు నిండా తింది. చంద్రి, సోమక్క చెరో ముద్ద పట్టుకెళ్లారు. ఈసారి ఇల్లిల్లూ తిరిగి పంచారు.

నీలవ్వ తడిగుడ్డతో గుమ్మడికాయను తుడవబోయింది.

"వద్దు వద్దు! ఇది నాకే ఉంచు. నా పిల్లలకూ నేర్పిస్తాను," అంది గుమ్మడికాయ.

అలాగే నేర్పించింది. అప్పటినుంచే గుమ్మడి పిందె ముదిరే కొద్దీ ఒంటిమీద తెల్లటి పొడి కప్పుకుంటుంది. తెలియనివాళ్లు దాన్ని బూడిద అంటారు. ముట్టుకుంటే మన చేతికి అంటుతుంది. ఆ పొడి ఉన్నన్నాళ్లూ, నెలల తరబడి వేలాడదీసినా, బూజు దాని జోలికి రాదు.