కోతికి ఆవులింత వచ్చిన వేళ

గరుడాద్రిని ఏలే ఎర్రభూపతికి రోజూ భోంచేయగానే ఒక సందేహం రావాలి. రాకపోతే తిన్నది అరగదు.

ఆ రోజు తోటలో ఓ కోతి ఆయన చేతిలోని మామిడిపండు లాక్కుని, కొమ్మెక్కి కూర్చుని, ఆయన్నే చూస్తూ తాపీగా తినేసింది. రాజుకు కోపం రాలేదు, ఆలోచన వచ్చింది. సభకు రాగానే అడిగేశాడు.

"ఆ కోతిది ఎక్కడో చూసిన మొహంలా ఉందయ్యా. దానికీ మనకీ చుట్టరికం ఏమైనా ఉందా?"

విదూషకుడు పేరయ్య నోరు ఊరుకోదు.

"లేకేం ప్రభూ. పిల్లకి పాలివ్వడం, తలలో పేలు చూడడం, మాట వినకపోతే వీపు మీద ఒక్కటివ్వడం, అన్నీ మన ఇళ్ళల్లో పద్ధతులే. అది మనకి తాత కాదు గానీ దాయాది అవుతుంది. ఎప్పుడో ఇద్దరికీ తాత ఒక్కడే. వాటాలు పంచుకున్నప్పుడు వాళ్ళు చెట్లు తీసుకున్నారు, మనం ఇళ్ళు తీసుకున్నాం."

సభంతా నవ్వింది. చిదంబరభట్టుకు మాత్రం ఒళ్ళు మండింది. రాజవంశం సూర్యుడి నుంచి దిగిందని ఏటేటా చదివి, కంకణాలు పుచ్చుకునే పండితుడాయన. మధ్యలో కోతి దూరితే ఆయన గతేం కాను?

"దాయాదే అయితే మనకి తోక ఏదిరా?" అన్నాడు.

"కొలువులో కూర్చుని కూర్చుని అరిగిపోయింది భట్టుగారూ."

"ప్రభూ, వీణ్ణి పొలిమేర దాటించాలి" అని పట్టుబట్టాడు భట్టు.

రాజు గడ్డం నిమురుకున్నాడు. "పేరయ్యా, రేపటి సభలో ఈ చుట్టరికం భట్టుగారి నోటితోనే ఒప్పించు. లేదా పెట్టేబేడా సర్దుకో."

"నేను నోరు తెరిస్తే కదా! తెరిచానంటే ఒప్పుకున్నట్టే" అన్నాడు భట్టు ధీమాగా.

ఇంటికెళ్తూ పేరయ్య తన నోటిని తనే తిట్టుకున్నాడు. పెళ్ళాం నిండుచూలాలు. ఈ ఎండల్లో ఆమెని వెంటబెట్టుకుని ఏ ఊరు పోవాలి?

మర్నాడు భోజనాల తర్వాత సభ కూడింది. పేరయ్య బజారులో కోతులాడించేవాణ్ణి అడిగి ఓ కోతిని తెచ్చాడు. దానికి కడుపునిండా పనసతొనలు తినిపించి, భట్టు ఎదురుగా కూర్చోబెట్టాడు. ఏ చమత్కారం విసిరినా నవ్వకూడదని భట్టు పెదాలు బిగించాడు. పేరయ్య ఒక్క మాటా అనకుండా తనూ చతికిలబడ్డాడు.

కోతి పొట్ట గోక్కుంది. కళ్ళు చికిలించింది. వెనక పళ్ళదాకా కనపడేలా నోరు తెరిచి ఆవులించింది.

వెంటనే సేనాపతి ఆవులించాడు. ఆయన్ని చూసి మంత్రి. రాజు సింహాసనం మీదే ఆవులించి, నోటి ముందు చిటికెలు వేసుకున్నాడు. సభంతా చిటికెలే చిటికెలు.

భట్టు ముక్కుపుటాలు ఎగిరాయి. కళ్ళ నీళ్ళు తిరిగాయి. అయినా పెదాలు విడలేదు. పేరయ్య కళ్ళ ముందు పెట్టేబేడా కదిలింది.

కోతి ఒళ్ళు విరుచుకుని ఇంకోసారి ఆవులించింది.

ఈసారి భట్టు వల్ల కాలేదు. పేగులు లెక్కపెట్టుకోవచ్చన్నంతగా నోరు తెరుచుకుంది. అలవాటు కొద్దీ చిటిక కూడా వేశాడు.

"దాయాది పలకరిస్తే బదులివ్వకుండా ఎలా ఉంటారు ప్రభూ? ఒప్పేసుకున్నారు" అన్నాడు పేరయ్య.

భట్టు లేచి నిలబడ్డాడు. "ఆవులిస్తే చుట్టరికమా? అలాగైతే ప్రభువులు కూడా ఆవులించారు. అంటే ప్రభువులు కూడా ఈ కోతికి..."

సభలో చిటికెలు ఆగిపోయాయి. భట్టు నాలిక కరుచుకున్నాడు. పేరయ్య చేతులు కట్టుకుని వినయంగా అన్నాడు.

"ఆ మాట నేననలేదు ప్రభూ. భట్టుగారే అన్నారు, వారి నోటితోనే."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి పేరయ్య మెడలో వేశాడు.

"భట్టుగారూ, దాయాదిని ఇంటికి తీసుకెళ్ళి నాలుగు రోజులు మర్యాదలు చేసి పంపండి" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

కోతి అప్పటికే భట్టు భుజమెక్కి కూర్చుంది.