గడప దాకా

కంప్యూటరు బతికుందో చచ్చిందో జిలానీకి అంతుబట్టలేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది. తిరుగుతూనే ఉంది. పేజీ మాత్రం రావడం లేదు.

పక్కన ఓబులమ్మ, ఆమె కూతురు పావని నిలబడి ఉన్నారు. పావనికి నర్సింగు కాలేజీలో సీటు కావాలి. ఏ కాలేజీ కావాలో ఆన్‌లైన్లో ఎంచుకోవడానికి ఈ సాయంత్రమే ఆఖరు. ఊళ్ళో నెట్ సెంటరతను పెళ్ళికని తాళం వేసుకుపోయాడు. ఫోన్లో చూస్తే ఆ ఫారం సగమే కనిపిస్తోంది. ఇక మిగిలింది గుట్ట మీది దర్గాలో ఉన్న ఈ కంప్యూటరే.

"ఏమన్నా వచ్చిందా నాయనా?" అంది ఓబులమ్మ.

"వస్తుందమ్మా. వస్తా ఉంది."

రావడం లేదని పావనికి తెలుస్తూనే ఉంది. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ చక్రం వంకే చూస్తోంది.

జిలానీ తనకు తెలిసిన వైద్యమంతా చేశాడు. కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. నెట్ డబ్బా తీసుకెళ్ళి కిటికీలో పెట్టాడు, అక్కణ్ణుంచి బీరువా మీదికి మార్చాడు. వైర్లు పీకి, ఊది, మళ్ళీ గుచ్చాడు. ఎక్కడో విన్నట్టు గుర్తొచ్చి హిస్టరీ అంతా తుడిచేశాడు. తప్పు నెట్టుదే అనుకుందామంటే, అదే నెట్టు మీద ఫోన్లో వార్తలు జర్రున వస్తున్నాయి. ఆఖరికి కంప్యూటరుకు సాంబ్రాణి పొగ కూడా చూపించాడు. ఓబులమ్మకు దగ్గు వచ్చింది గానీ పేజీ రాలేదు.

బెంగుళూరులో కంప్యూటర్ల పని చేసే మేనమామ కొడుకు అన్వర్‌కు తెరను ఫోటో తీసి పంపాడు. వాడు వెంటనే ఫోన్ చేశాడు.

"ఏంది భాయ్, పైన ఆ వరస? చీమల బారు మాదిరి! అన్ని ట్యాబులు తెరిచిపెడితే అది యాడ కదుల్తాది? అన్నీ మూసెయ్."

"అవి ట్యాబులు కాదురా."

"మరేంది?"

"మనుషులు" అన్నాడు జిలానీ.

అవతల అన్వర్ ఫోన్ పెట్టేశాడు.

జిలానీ అన్నది మరీ అబద్ధమేం కాదు. అతను మౌలా పీర్ సాహెబు శిష్యుడు. గుట్ట ఎక్కలేని వాళ్ళ కోసం దర్గాకు వెబ్‌సైటు తయారుచేసింది అతనే. దుబాయిలో ఉన్నవాళ్ళు, మంచం పట్టినవాళ్ళు తమ మొర అందులో రాసుకుంటారు. ఒక్కో మొర ఒక్కో పేజీ. గురువారం నాడు జిలానీ కొత్త మొరలు చదివి వినిపిస్తాడు. పీర్ సాహెబు కళ్ళు మూసుకుని దువా చేస్తారు. ఆ తర్వాత ఆ పేజీ మూయడానికి జిలానీకి చేయి రాదు.

ఎలా వస్తుంది? పీర్ సాహెబు కూర్చునే గదికి గుమ్మం ఉంది, గడప ఉంది, తలుపు రెక్కలు లేవు. వచ్చిన మనిషికి మూసిన తలుపు కనపడకూడదని ఆయన తాతగారు ఎప్పుడో ఊడదీయించారు. అలాంటి చోట ఉంటూ, భర్తకు కిడ్నీ దొరకాలని ఏడ్చుకున్న ఇల్లాలి పేజీని, తప్పిపోయిన కొడుకు కోసం రాసిన తల్లి పేజీని మూసెయ్యడమా? పైగా కంప్యూటరు ఆపి పెట్టినా అవన్నీ తిరిగి తెరుచుకునేలా ఏర్పాటు కూడా చేసుకున్నాడు. భక్తి ముదిరితే బ్రౌజరుకూ తిప్పలే.

ఆ వరసలో ఎడమ చివర ఉన్న మొట్టమొదటి పేజీని మాత్రం అతను ఎప్పుడూ చదివి వినిపించలేదు. పీర్ సాహెబు అడగనూ లేదు.

ఇప్పుడు జిలానీకి దిక్కు తోచలేదు. మూస్తే అంతమందిని మెడపట్టి గెంటినట్టు. మూయకపోతే కళ్ళెదుట ఉన్న పిల్ల బతుకు మీద మన్ను పోసినట్టు. లేచి పక్క గదిలో ఉన్న గురువు దగ్గరికి వెళ్ళాడు.

"హజ్రత్, లోపల ఉన్నవాళ్ళను పొమ్మంటే పాపం. బయట ఉన్నవాళ్ళను ఆగమంటే పాపం. నేనేం చేయాలి?"

పీర్ సాహెబు అతని ముఖంలోకి చూశారు. "కూర్చో బేటా" అన్నారు. అంతే.

గురువారం కాబట్టి జనం వస్తున్నారు. ఆయన పద్ధతి అందరికీ తెలిసిందే. వచ్చినవాళ్ళ మాట వింటారు. దువా చదివి చిటికెడు చక్కెర అరచేతిలో పెడతారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి ఆ మనిషితో పాటు గడప దాకా నడుస్తారు. వాళ్ళు మెట్ల మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతారు. ఆయన లేవకుండా ఎవరూ లేవరు. అది మర్యాద.

ఆ రోజు ఆయన లేవలేదు.

మేకల గంగన్నకు చక్కెర ఇచ్చి ఊరుకున్నారు. గంగన్న చక్కెర చప్పరించి, పెదాలు తుడుచుకుని, కూర్చునే ఉన్నాడు. తర్వాత ఒక కొత్త కోడలు వచ్చింది. ఆమె మొర వినడం అయింది, చక్కెర ఇవ్వడమూ అయింది. ఆమె కూడా కూర్చుంది. పంటినొప్పి ముసలాయన, కోర్టు కేసు అన్నదమ్ములు, ఎవరికి వాళ్ళు చాప మీద సర్దుకున్నారు. మోకాలికి మోకాలు తగులుతోంది. గదిలో గాలి ఆడటం లేదు. మేకలు ఎవరి చేన్లో పడ్డాయోనని గంగన్న గుమ్మం వైపు చూస్తున్నాడు, మళ్ళీ తల దించుకుంటున్నాడు.

జిలానీకి ఏమీ అర్థం కావడం లేదు. గురువుగారికి ఒంట్లో బాగాలేదా? తన మీద కోపమా? పెద్దవయసు కదా, లేవాలన్న సంగతే మరిచిపోయారా? పోనీ గుర్తుచేద్దామంటే గురువుకు మర్యాద నేర్పినట్టవుతుంది. ఆయనేమో ఎండలో కూర్చున్న పిల్లిలా హాయిగా ఉన్నారు.

అంతలో గడప అవతల ఒకామె వచ్చి నిలబడింది. భుజాన పసిబిడ్డ. బిడ్డ ఒళ్ళు జ్వరంతో పేలిపోతోంది. లోపల కాలు పెట్టడానికి సందు లేదు.

జిలానీ ఇక పట్టలేకపోయాడు.

"హజ్రత్, వీళ్ళను పంపండి. బయట బిడ్డకు జ్వరం."

"పంపడమేమిటి బేటా? మన గదికి తలుపే లేదు కదా."

"తలుపు వేయమనడం లేదు హజ్రత్! వీళ్ళు చెప్పుకోవలసింది చెప్పుకున్నారు. మీరు వినవలసింది విన్నారు. ఇంకా కూర్చోబెడితే వీళ్ళకే ఇబ్బంది. గడప దాకా వెళ్ళి సాగనంపండి."

"నా మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి" అన్నారు పీర్ సాహెబు. చక్కెర డబ్బా అతని చేతికిచ్చారు. "నువ్వు సాగనంపు."

జిలానీ ఒక్కొక్కరినీ లేపాడు. గడప దాకా వెళ్ళాడు, సలాం చేశాడు, మలుపు తిరిగేదాకా చూశాడు. "బతికించినావు సామీ" అంటూ గంగన్న మెట్ల మీద పరుగెత్తాడు. గది ఖాళీ అయింది. బిడ్డతల్లి లోపలికి వచ్చి చాప మీద కూర్చుంది.

అందరూ వెళ్ళిపోయాక కూడా జిలానీ డబ్బా పట్టుకుని గడపలోనే కాసేపు నిలబడ్డాడు. తర్వాత గబగబా కంప్యూటరు దగ్గరికి నడిచాడు.

"పొద్దు వాలతా ఉంది నాయనా" అంది ఓబులమ్మ.

అతను కుడి చివరి పేజీ తెరిచాడు. పేరు చదివాడు. పెదాలు కదిలాయి. మూశాడు. దాని పక్కది తెరిచాడు. మొదట్లో ఒక్కోటీ రావడానికి ఎప్పటిలాగే మొండికేసింది. పోను పోను తేలికైంది.

"ఎవురితో మాట్లాడతాండావు?"

"సాగనంపుతున్నానమ్మా."

ఓబులమ్మకు ఏమీ అర్థం కాలేదు. ఎందుకైనా మంచిదని తనూ తెర వంక చేతులు జోడించింది.

చక్రం ఆగింది. ఫారం వచ్చింది, నిండుగా.

"అన్నా, నేను పెడతాను" అంది పావని. ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. కుర్చీలో కూర్చుని, కాలేజీలు ఒక్కొక్కటిగా ఎంచుకుని, ఆఖరి బటన్ నొక్కింది. "అయిపోయింది మా" అని తల్లి నడుము పట్టుకుని ఏడ్చేసింది.

జిలానీ ఇద్దరికీ చక్కెర పెట్టి, గడప దాకా వెళ్ళి వచ్చాడు. వచ్చేసరికి పీర్ సాహెబు బిడ్డతల్లిని పంపి వచ్చి కంప్యూటరు ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. పైన వరసలో ఎడమ చివరి పేజీ ఒక్కటే మిగిలింది.

"ఇదెవరు?"

"ఉండనీండి హజ్రత్. ఒక్కటే కదా. ఇప్పుడు బాగానే నడుస్తోంది."

పీర్ సాహెబు కుర్చీలోంచి లేవలేదు. ఇక జిలానీ తనే పేజీ తెరిచి చదివాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"'మా నాన్నకు చెప్పకుండా ఇల్లు వదిలి దర్గాకు వచ్చేశాను. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. ఒక్కసారి మాట్లాడేలా దువా చేయండి.' కింద నా పేరు ఉంది హజ్రత్."

"మాట్లాడాడా?"

"లేదు. పోయిన రంజానుకు ముందు చనిపోయారు. మాట్లాడలేదు."

పీర్ సాహెబు కళ్ళు మూసుకున్నారు. వచ్చిన అందరికీ చదివినట్టే దువా చదివారు. డబ్బా తెరిచి చిటికెడు చక్కెర శిష్యుడి అరచేతిలో పెట్టారు. తర్వాత మోకాళ్ళు పట్టుకుని లేచి, నెమ్మదిగా గడప దాకా నడిచి, అక్కడ నిలబడ్డారు.

జిలానీ చేయి మౌసు మీద చాలాసేపు ఉండిపోయింది. చివరికి నొక్కాడు. చక్కెర నోట్లో వేసుకున్నాడు.

పీర్ సాహెబు ఇంకా వెనక్కి తిరగలేదు. ఎవరో దిగి వెళ్తున్నట్టు మెట్ల మలుపు వైపే చూస్తూ నిలబడి ఉన్నారు.