గిన్నె అడుగు

సువార్తమ్మ గారు దేన్నీ మాట మీద నమ్మరు. బందరులో ఆమె దగ్గర కేకులు నేర్చుకున్న ఆడవాళ్లంతా మొదట నేర్చుకున్నది ఈ సంగతే. గుడ్లు తాజావని కొట్టతను ఒట్టు పెట్టినా సరే, ఒక్కొక్కటీ విడిగా చిన్న గిన్నెలో కొట్టి, వాసన చూసి, ఆ తర్వాతే పిండిలో వేస్తారు. ఐసింగ్ షుగర్ ప్యాకెట్ మీద ఏం అచ్చువేసి ఉన్నా చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటారు. బటర్ మెత్తబడిందని ఎవరైనా చెబితే తల ఊపుతారు, వెళ్లి తన వేలితో నొక్కి చూస్తారు. ఒవెన్ ముఖం మీద ఒక అంకె వెలుగుతున్నా, లోపల పెట్టిన థర్మామీటర్ ఏమంటుందో అడిగి గానీ కేకు పెట్టరు. ఇంత చేసినా ఆమె ముఖంలో చిరాకుండదు. ఎవరి మీదా నేరం మోపుతున్నట్టూ ఉండదు. ఆదివారం చర్చిలో పిల్లలకి పాఠం చెబుతారు కాబట్టి ఊరంతా ఆమెను టీచర్ గారనే పిలుస్తుంది. దేవుణ్ణి పూర్తిగా నమ్ముతారు. అంత చనువు ఇంకెవరికీ ఇవ్వలేదు.

గురువుల కథల్లో గురువుకి గడ్డం ఉంటుంది. శిష్యుడు కాళ్ల దగ్గర కూర్చుని మోక్షం గురించి అడుగుతాడు. ఇక్కడ గురువుకి గడ్డం లేదు, ఏప్రాన్ ఉంది. శిష్యురాళ్లకి కూర్చునే తీరిక లేదు. వాళ్లు అడిగేది కూడా కేకు మధ్యలో ఎందుకు కుంగిందనో, క్రీము ఎందుకు జారిపోతోందనో. వకుళ ఒక శనివారం అడిగిన ప్రశ్న మాత్రం వేరు.

వకుళ ఆమె పాత శిష్యురాలు. ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. తన దగ్గర ఉన్నది చేత్తో పట్టుకునే చిన్న బీటరే కాబట్టి, పెద్ద ఆర్డరు వచ్చినప్పుడు కాల్చిన కేకులు డబ్బాలో పెట్టుకుని టీచర్ గారింటికి వస్తుంది. అక్కడ వంటగట్టు మీద ఒక పెద్ద స్టాండ్ మిక్సర్ ఉంది. కాలి మీద పడితే వేలు పచ్చడయ్యేంత బరువు. అందులో బటర్, చక్కెర గిలకొట్టి బటర్‌క్రీమ్ చేసుకుని, కేకుకి పట్టించి, పూలు వేసుకుని వెళుతుంది.

ఏడాది కిందట వకుళ భర్త శశిభూషణ్ ఆమె ఆర్డర్ల ఫోను తన దగ్గర పెట్టుకున్నాడు. చేతులు క్రీములో ఉన్నప్పుడు ఫోను మోగితే నీకే కదా ఇబ్బంది, ఆ బయటి గొడవ నేను చూసుకుంటానన్నాడు. వకుళ ఎంత మురిసిపోయిందంటే, ఆ వారమంతా కనబడినవాళ్లందరికీ చెప్పింది. విన్నవాళ్లు కూడా అదృష్టవంతురాలివే అన్నారు. మన చేతిలోది ఒకటి తీసుకున్నవాణ్ణి ఎంత త్వరగా మెచ్చుకుంటామో చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

ఆ తర్వాత ఆర్డర్లు పలచబడ్డాయి. ఎండలు కదా అన్నాడు. ఎండలు పోయాక, పెళ్లిళ్లు లేవు కదా అన్నాడు. ఈలోగా అతని తమ్ముడు కోనేరు సెంటర్‌లో బేకరీ తెరిచాడు. ఒకరోజు వకుళ కూరగాయలు కొనుక్కుని అటుగా వస్తూ ఆ బేకరీ అద్దాల్లోంచి ఒక కేకు చూసింది. దాని మీద ఒక డాక్టరు గారి పాప పేరు రాసి ఉంది. ఆ పాపకి మొదటి పుట్టినరోజు నుంచీ కేకు చేస్తున్నది వకుళే. పేరులో ఒక అక్షరం ఆ తల్లి కాస్త వింతగా రాయించుకుంటుంది కాబట్టి ఇంకో పిల్ల అనుకోవడానికీ వీల్లేదు. అది జరిగిన వారానికే ఆడపిల్లల హైస్కూలు నుంచి ఇద్దరు టీచర్లు నేరుగా ఇంటికి వచ్చారు. తమ లెక్కల టీచరమ్మ రిటైరవుతోంది, రెండంతస్తుల కేకు కావాలన్నారు. ఫోను చేస్తే మీవారు మీరీమధ్య మానేశారన్నారు, నమ్మబుద్ధి కాక వచ్చామన్నారు.

వకుళ భోజనాల దగ్గర ఆ మాట ఎత్తింది. నువ్వు అలిసిపోతున్నావని నేనే అలా చెప్పానన్నాడు శశిభూషణ్. అయితే ఫోను ఒకసారి ఇటివ్వమంది. అతను కంచం పక్కకి నెట్టి లేచిపోయాడు. అనుమానం కాపురాన్ని కాల్చేస్తుందని అత్తగారు గోడతో చెప్పారు. మన ఇళ్లలో ఇదొక ఏర్పాటు. మగవాడు ఆరా తీస్తే జాగ్రత్తపరుడు. అదే పని ఆడది చేస్తే అనుమానపు మనిషి. చివరికి వకుళే కూర వెచ్చబెట్టి, తప్పయిందని చెప్పి, అతనిచేత అన్నం తినిపించింది.

ఆ రెండంతస్తుల కేకు కోసం టీచర్ గారింటికి వచ్చిన శనివారం ఇదంతా చెప్పింది. అప్పుడు అక్కడ ఇంకో శిష్యురాలు జైబున్నీసా కూడా ఉంది. ఆమె బిస్కెట్లు నేర్చుకోవడానికి వస్తుంది, నోరు తిన్నగా ఉండదు.

"మా ఆయన కంచం నెట్టేస్తే ఆ పూట తోమే గిన్నె ఒకటి తగ్గిందనుకుంటాను పిల్లా. నువ్వు కూర వెచ్చబెట్టి తప్పయిందన్నావా?" అంది.

వకుళ నవ్వలేదు. టీచర్ గారి వైపు తిరిగి, "ఈ అనుమానం నా మనసులోంచి పోవాలంటే ఏం చెయ్యాలి టీచర్ గారూ?" అని అడిగింది.

గమనించండి. మోసం జరుగుతోందో లేదో తెలుసుకోవడం ఎలా అని అడగలేదు. తెలుసుకోవాలనిపించకుండా ఉండడం ఎలా అని అడిగింది. ఇలాంటి వరాలు కోరుకోవడం మనకి చిన్నప్పుడే నేర్పిస్తారు.

సువార్తమ్మ గారు కిటికీ గట్టు మీద పెట్టిన బటర్‌ని వేలితో నొక్కి చూసి, సరిపోయిందన్నారు. ఫ్రిజ్ తెరిచి ఇంకో బటర్ దిమ్మ తీసి, దాన్నీ అక్కడే పెట్టారు. వకుళ అది చూసింది. ఈ కేకుకి ఒక దిమ్మే చాలు. టీచర్ గారు ఎప్పుడూ లెక్క తప్పరు. ఎందుకో అడుగుదామనుకుని ఊరుకుంది.

బటర్ గిన్నెలో వేశాక టీచర్ గారు ఒక వింత మాట చెప్పారు. ఈరోజు మధ్యలో మిక్సర్ ఆపొద్దు, గరిటె పెట్టి గీరొద్దు, మంచి యంత్రం, దాని పని దాన్ని చేసుకోనిమ్మన్నారు.

వకుళ చెయ్యి ఒక క్షణం ఆగింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన మొదటిరోజే ఆమెకి నేర్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పాఠం. మిక్సర్ ఎంత ఖరీదైనదైనా దాని బీటర్ గిన్నె అడుగుకి తగలదు. కాస్త సందు వదిలే తిరుగుతుంది. ఆ సందులో బటర్ అలాగే అతుక్కుని ఉండిపోతుంది. పైన చూస్తే మాత్రం క్రీము మల్లెపూవులా తెల్లగా పొంగుతుంటుంది. అందుకే మధ్యమధ్యలో ఆపాలి, యంత్రం తల పైకెత్తాలి, రబ్బరు గరిటెతో అడుగంతా గీరి కలపాలి, మళ్లీ తిప్పాలి. ఆ పాఠం చెప్పిన మనిషే ఇప్పుడు వద్దంటోంది. పెద్దావిడ చెబుతోంది కదా, ఏదో ఉండే ఉంటుందనుకుంది వకుళ. స్విచ్ వేసింది.

మిక్సర్ హుందాగా తిరిగింది. పసుపుపచ్చగా ఉన్న బటర్ చూస్తుండగానే పాలిపోయింది. పొడి చక్కెర కొంచెం కొంచెంగా వేసినప్పుడల్లా సన్నటి పొగలా లేచి సర్దుకుంది. వకుళ చెయ్యి రెండుసార్లు స్విచ్ దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. అలా వెళ్లిన ప్రతిసారీ ఆమె టీచర్ గారి వైపు చూసింది. టీచర్ గారు బియ్యం ఏరుతున్నంత శ్రద్ధగా బిస్కెట్ పిండి చూస్తున్నారు. చివరికి గిన్నెలో క్రీము అంచులు తేలి, నున్నగా నిలబడింది. జైబున్నీసా తొంగిచూసి, పెళ్లికూతురి ముఖంలా ఉందంది.

పూలు నేరుగా కేకు మీద వెయ్యరు. చిన్న కాగితం ముక్కల మీద వేసి, చల్లబడ్డాక కేకు మీద అమర్చుతారు. వకుళ మూతికి నాజిల్ బిగించిన సంచిలో క్రీము నింపి గులాబీలు మొదలుపెట్టింది. పైనుంచి తీసిన క్రీము కాబట్టి మొదటి పూలు బాగానే వచ్చాయి. సంచి రెండోసారి నింపేటప్పటికి గిన్నె లోతుకి వెళ్లాల్సి వచ్చింది. తెల్లటి రేకుల్లో పచ్చటి చార ఒకటి కనబడింది. తర్వాతి పువ్వులో రెండు చారలు. ఆ తర్వాత నాజిల్ మూసుకుపోయింది. వకుళ గట్టిగా నొక్కింది. కలవని బటర్ ముద్ద ఒకటి, చక్కెర ఉండతో సహా, చప్పుడు చేస్తూ వచ్చి రేకుల మధ్య పడింది.

గులాబీలకి పచ్చకామెర్లు వచ్చాయంది జైబున్నీసా.

వకుళ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కేకు సాయంత్రానికి హైస్కూలు చేరాలి. ఆమె పేరు నమ్ముకుని ఇంటిదాకా నడిచొచ్చిన ఆర్డరు అదొక్కటే మిగిలింది. అది కూడా పాడైతే, మానేసిందని శశిభూషణ్ చెప్పిన మాటే నిజమవుతుంది. మీరు ఆపొద్దన్నారు కాబట్టే ఆపలేదు టీచర్ గారూ అంది.

సువార్తమ్మ గారు అప్పుడు పిండి వదిలి దగ్గరికి వచ్చారు. ఆపాలని నీకు అనిపించిందా అని అడిగారు. రెండుసార్లు అనిపించిందంది వకుళ. ఇంకో దిమ్మ ఎందుకు బయట పెట్టానో అనుమానం రాలేదా అని అడిగారు. వచ్చిందంది.

"మరి అడగలేదేం?"

"మీరు బాధపడతారని."

సువార్తమ్మ గారు ఆమె ముఖంలోకి చూశారు. "మేమందరం బాధపడకుండా ఉండడానికి నువ్వు ఎన్ని కేకులు పారేసుకుంటావమ్మా?" అన్నారు. గొంతులో కోపం లేదు. కిటికీ గట్టు మీది రెండో దిమ్మని ఆమె ముందుకి తోశారు.

వకుళ ముందు దాన్ని వేలితో నొక్కి చూసింది. వాసన చూసింది. చక్కెర చిటికెడు నోట్లో వేసుకుంది. ఆ చక్కెర డబ్బా పొద్దున తాను తెచ్చుకున్నదే, అయినా వేసుకుంది. జైబున్నీసా ఏదో అనబోయి మానేసింది. మిక్సర్ తిరుగుతుండగా వకుళ ఎవరి వైపూ చూడలేదు. తనకి తోచినప్పుడు ఆపింది. యంత్రం తల పైకెత్తి, గరిటె అడుగుకంటా దించి గీరింది. పైన అంత తెల్లగా ఉన్న క్రీము కింద పచ్చటి పొర ఒకటి, గిన్నెకి కరుచుకుని, తనని ఎవరూ చూడరన్న ధీమాతో పడుకుని ఉంది. దాన్ని పైకి తెచ్చి కలిపింది. మళ్లీ తిప్పింది, మళ్లీ ఆపింది. ఈసారి గులాబీలు చివరిదాకా తెల్లగానే వచ్చాయి.

కేకు పెట్టెలో కూర్చునే వేళకి శశిభూషణ్ వచ్చాడు. పెట్టె పట్టుకెళ్లడానికి ఎవరిదో కారు కూడా తెచ్చాడు. మనిషి మర్యాదస్తుడు. గుమ్మంలోనే చెప్పులు విడిచాడు, టీచర్ గారికి నమస్కారం పెట్టాడు, కేకు చూసి మెచ్చుకున్నాడు. నాతో ఒక్క మాట అంటే ఈ శ్రమంతా తమ్ముడి బేకరీలో కుర్రాళ్లతో చేయించేవాణ్ణి కదా అన్నాడు. ఆర్డర్ల ఫోను అతని చొక్కా జేబులోంచి సగం బయటికి కనిపిస్తోంది.

వకుళ ఫోను ఇమ్మని చెయ్యి చాపింది.

ఆ చేతులతోనా అన్నాడు అతను నవ్వుతూ. నిజమే, మోచేతుల దాకా జిడ్డుగా ఉన్నాయి. వకుళ సింకు దగ్గరికి వెళ్లింది. బటర్‌క్రీమ్ చన్నీళ్లకి వదలదు. డబ్బాలోంచి గుప్పెడు శనగపిండి తీసుకుని రెండు చేతులకీ పట్టించి, వేళ్ల సందులు కూడా నలిచి, వేణ్ణీళ్లతో కడుక్కుంది. తువ్వాలు అందుకుని నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ తుడుచుకుంది. తిరిగి వచ్చి అదే చోట నిలబడి, అదే చెయ్యి మళ్లీ చాపింది.

శశిభూషణ్ చెయ్యి జేబు మీదికి వెళ్లింది, తియ్యడానికి కాదు, మూయడానికి. అతను వకుళ వైపు చూడలేదు. పెద్దవారు మీరైనా చెప్పండన్నట్టు టీచర్ గారి వైపు చూసి, నొచ్చుకున్న గొంతుతో, "ఏంటిది వకుళా, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

వకుళ చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

సువార్తమ్మ గారు అప్పుడే మిక్సర్ గిన్నె విప్పి కడగడానికి తీసుకెళుతున్నారు. దాన్ని చంకన పెట్టుకుని ఆగారు.

"ఇన్నేళ్లుగా దీని అడుగు గీరి చూస్తున్నాను బాబూ," అన్నారు. "ఇది ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అడగలేదు."