నునుపు చేంతాడు

పేరిందేవమ్మ గారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు వచ్చేది కాదు. అడిగినవాళ్ల చేతికి ముందు ఏదో ఒక పని వచ్చేది. కోనసీమలో ఓ కాలవగట్టు మీద ఆవిడ ఆశ్రమం. ఆశ్రమమంటే ఏముంది, రెండు గదుల పెంకుటిల్లు, పెరట్లో బావి, సాయంత్రాలు భాగవతం వినడానికి వచ్చే ఆడవాళ్లు.

వాళ్లలో లోవమ్మ ఒకతె. ఆమెకి కొబ్బరితాళ్ల షెడ్డు ఉంది. అక్కడి ఆడవాళ్లు నడుముకి పీచు కట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ తాడు పేనుతారు. మనిషి వెనక్కి పోతుంటే తాడు ముందుకి పెరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా వింతే! ఆ తాడు మీదే వాళ్ల పొయ్యిలు వెలిగేవి. ఇంతలో ఎక్కడి దేశంనుంచో ఓడెక్కి ప్లాస్టిక్ తాడు దిగింది. పచ్చగా, నీలంగా, తళతళమంటూ, సగం ధరకే. కొట్లవాళ్లు లోవమ్మ వంక చూడ్డం మానేశారు.

లోవమ్మ ఊరుకునే మనిషా? తన తాడూ అలాగే మెరవాలనుకుంది. పేనిన తాడుని మంట మీద ఆడించి, పైకి లేచిన పీచంతా కాల్పించింది. మైనం రుద్దించింది. తాడు నున్నగా తయారైంది. అయినా కొన్న నాథుడు లేడు. చివరికి ఒక చుట్ట చంకన పెట్టుకుని ఆశ్రమానికి వచ్చింది.

"అమ్మగారండీ, నేను మారలేదా? ఇంకెంత మారాలండీ? రేపు షెడ్డు మూసేస్తానని చెప్పేద్దామనుకుంటున్నాను. వాళ్ల మొహాలు చూస్తే నోరు రావట్లేదు. ఏం చెయ్యమంటారు?"

"తొట్టిలో నీళ్లు లేవే పిల్లా. ఆ కొత్త తాడు చేదకి కట్టి నాలుగు చేదల నీళ్లు తోడు," అన్నారు పేరిందేవమ్మ గారు.

లోవమ్మ తోడింది. తాడు పొడిగా ఉన్నంతసేపూ బాగానే వచ్చింది. తడిశాక మాత్రం అరచేతుల్లో చేపపిల్లలా జారింది. పట్టు బిగించేలోపే చేదా, తాడూ కలిసి బావిలో దబ్బున పడ్డాయి.

అరుగు మీద కూర్చున్న సూరీడమ్మ పకపకా నవ్వింది. షెడ్డులో తాడు పేనేవాళ్లలో ఆవిడొకతె. "ఏం వదినా, మైనం రాయించావా, వెన్న రాయించావా? చెప్పానా, మా చేతుల్లోంచే జారిపోతోందని!"

"నువ్వూరుకో," అంది లోవమ్మ, ఏడుపు దిగమింగుకుంటూ.

పేరిందేవమ్మ గారు లోపలికి వెళ్లి, చేదలు తీసే పాతాళగరిగె తెచ్చిచ్చారు. దాని కొక్కేలకి పైన గరుకైన, నల్లబడ్డ తాడొకటి కట్టి ఉంది. లోవమ్మ బావిలోకి వంగి, అటూ ఇటూ కదిపి, చేదని కొక్కేనికి తగిలించింది. నీళ్లతో నిండిన చేద బరువుగా పైకి వచ్చింది. ఆ తడి తాడు మాత్రం ఒక్క వేలెడు కూడా జారలేదు.

"ఇదేం పట్టండీ బాబూ! ఎవరు పేనారండీ దీన్ని?"

"పోయిన వేసంగిలో నువ్వే తెచ్చిచ్చావు కదే!"

లోవమ్మ అరచేయి తిప్పి చూసుకుంది. ఆ తాడు పీచు ముక్కలు రెండు చర్మానికి అంటుకుని ఉన్నాయి. సూరీడమ్మ కూడా నవ్వాపి, దగ్గరికొచ్చి ఆ చేతిని చూసింది.

"కానీ అమ్మగారండీ," అంది లోవమ్మ, "ఆ చౌక ముందు నేను నిలబడలేను కదండీ."

"చౌకలో నిలబడలేవు, నిజమే," అన్నారావిడ, ఆమె భుజం మీద చెయ్యేసి.

"మరి రేపు షెడ్డు తెరవనా, మాననా?"

పేరిందేవమ్మ గారు తడిసిన ఆ పాత తాడుని లోవమ్మ చేతిలోనే ఉంచి, ఆమె వేళ్లు మెల్లగా మూశారు.

"ఇన్నాళ్లూ కొట్లల్లో వేలాడగట్టించి జనం కళ్లకి చూపించావు. తడిపి వాళ్ల చేతికి ఎప్పుడిచ్చావే తల్లీ?"