నెమలయ్య గృహప్రవేశం

అనగనగా మన పిఠాపురంలోనే కోమలి అని ఓ ఆరేళ్ళ పిల్ల ఉండేది. నీలాగే ఒక్కచోట కుదురుగా ఉండేది కాదు. నువ్వు కాళ్ళాడించకుండా విను మరి.

కోమలికి చేపలంటే ప్రాణం. ఓసారి బంగారు చేపని తెచ్చుకుని, సీసాలో కుళాయి నీళ్ళు పట్టి అందులో వేసేసింది. ఆ నీళ్ళు శుభ్రపడ్డానికి మందు కలుపుతారని, అది చేపకి పడదని కోమలికేం తెలుసు పాపం. సాయంత్రానికి చేప పోయింది. పిల్ల రెండు రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడు వాళ్ళ నాన్న, ఇంకొక్కసారి చూద్దాం, అదీ పోతే ఈ ఇంట్లో చేపల మాట ఎత్తకూడదు అన్నాడు.

ఆ తర్వాత ఆదివారం సూరిబాబు మామయ్య వచ్చాడు. ఓ చంకలో గాజు తొట్టి, ఇంకో చేతిలో సీసా. సీసాలో ఫైటర్ చేప! ఒళ్ళంతా నెమలి నీలం, తోకేమో పట్టు పావడా కుచ్చిళ్ళు. కోమలి ఇల్లంతా గంతులేసింది. నెమలయ్య అని పేరు కూడా పెట్టేసింది. ఇప్పుడే తొట్టిలో వేసేద్దామంటే మామయ్య ఆగమన్నాడు.

మొదటి రోజు ఇసక కడిగారు. ఏడుసార్లు కడిగితేగానీ నీళ్ళు తేటపడలేదు. రెండో రోజు మొక్క నాటి, చేప దాక్కోడానికి చిన్న మట్టి ముంత పక్కకి పడుకోబెట్టారు. బకెట్లలో పట్టిన నీళ్ళు మందు వాసన పోయేదాకా అలాగే ఉంచి, మూడో రోజు తొట్టిలో పోశారు. అప్పుడు నెమలయ్య సీసాని అందులో కాసేపు నిలబెట్టారు. రెండు నీళ్ళూ ఒకే వెచ్చదనానికి రావాలి కదా.

ఈలోగా కోమలి వంటింట్లోకెళ్ళి గ్లాసుడు పాలు పట్టుకొచ్చింది. కిందటి నెలలోనే వాళ్ళ కొత్తింట్లో పాలు పొంగించారు. పాలు పొంగితేనే ఇల్లు కలిసొస్తుందని పెద్దవాళ్ళంటే విందిగా, తొట్టిలోకి ఒంపబోయింది. మామయ్య చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"పాలు పడితే నీళ్ళు కుళ్ళిపోతాయమ్మా. చేప బతకదు."

"మరి పాలు పొంగకపోతే ఇది వాడి ఇల్లెలా అవుతుంది మామయ్యా?"

మామయ్య ఆ పాలు కోమలి చేతే తాగించేసి, చేపని మెల్లగా తొట్టిలోకి వదిలాడు.

నెమలయ్య పోయి పోయి ముంతలో దూరాడు. ఆ రోజంతా బయటికి రాలేదు. మర్నాడు మేత వేస్తే కన్నెత్తి చూడలేదు. నేను చెప్పానా అని కోమలి ఒకటే ఏడుపు. నాన్న వచ్చి తొట్టి చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. దాంతో పిల్లకి మరింత భయమేసింది.

ఆ తర్వాత రోజు పొద్దున్నే లేచి చూసింది కదా, ఆకు పక్కన నీళ్ళ మీద తెల్లటి నురగ! పాలు పొంగినట్టే ఉంది. పాలెవరు పోశారని ఇల్లంతా లేపేసింది. మామయ్య వంగి చూసి నవ్వాడు. ఆ జాతి మగ చేపకి చోటు నచ్చితే, పైకొచ్చి గాలి మింగి, బుడగలు ఊది గూడు కట్టుకుంటుందట.

"ఎవరూ పొయ్యలేదు కోమలీ. వాడింట్లో వాడే పొంగించుకున్నాడు."

అదిగో, అప్పుడే నెమలయ్య పైకొచ్చి మేత గింజ గుటుక్కున మింగాడు. నాన్న చెప్పులేసుకుని బజారుకెళ్ళి, ఇంకో మేత డబ్బా తెచ్చాడు.

చేపేమో గూటికి,
కథేమో కంచికి,
మనమేమో మంచానికి!