అన్నీ నిన్నటిలా పెట్టిన కథ

తణుకులో పిండిమర మీది గదిలో వీరభద్రం, సోమలింగం, కనకరత్నం అని ముగ్గురు వెబ్‌సైట్లు చేసేవారు. "మన ముగ్గురి బుర్రలూ కలిస్తే కంప్యూటరుకి చెమటలు పట్టేస్తాయిరా" అనేవాడు వీరభద్రం. వెంటనే మిగతా ఇద్దరూ తువ్వాలు తెచ్చి కంప్యూటరు తుడిచేవారు.

ఆ గదీ, కింది మరా వీరభద్రం మామగారివి. "ఉన్న ఒక్క కస్టమరూ జారిపోతే మాత్రం, అల్లుడుగారూ, కిందికొచ్చి పిండి పట్టాల్సిందే" అని ఆయన ముందే చెప్పేశాడు. పిండి వాసనకే తుమ్మే వీరభద్రానికి ఆ మాటంటే హడల్. ఆ ఒక్క కస్టమరూ ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి అమ్మే మాణిక్యమ్మ.

ఓ రోజు ఆవిడ ఫోన్ చేసింది. "ఏం నాయనా, పొద్దుట్నుంచీ ఆర్డరు బటను నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. నిన్న బానే ఉంది కదా. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో చూసి, అన్నీ నిన్నటిలా పెట్టేయండి. సాయంత్రం నేనే వస్తాను. అప్పటికీ ఇంతే అయితే వేరేవాళ్ళని చూసుకుంటాను."

ఇంకేముంది, వీరభద్రం మిగతా ఇద్దరినీ పట్టుకున్నాడు. "ఏం మారిందిరా?"

"నిన్న నేను గళ్ళచొక్కా వేసుకున్నాను" అన్నాడు సోమలింగం. అంతే, నానబెట్టిన చొక్కా బకెట్లోంచి తీసి అలాగే తొడుక్కున్నాడు. నీళ్ళు కారి కీబోర్డు తడిసింది. బటను మాత్రం పలకలేదు.

"నిన్న నాకు జుట్టుంది" అన్నాడు కనకరత్నం, పొద్దున్నే గుండు చేయించుకొచ్చినవాడు. సెలూనుకి పరిగెత్తి, ఊడ్చిపెట్టిన జుట్టంతా గోనెసంచిలో తెచ్చాడు. అందులో తనదేదో తెలీక, ఎందుకైనా మంచిదని అందరిదీ జిగురుతో అంటించుకున్నాడు.

"నిన్న మర ఆడింది. గదంతా పిండే" అన్నాడు వీరభద్రం. ఇవాళ మరకి సెలవు. అంతే, తుమ్ముకుంటూనే రెండు బస్తాల పిండి పైకి మోయించి కంప్యూటర్ల మీద చల్లించాడు.

"నిన్న మీ మామగారు భీమవరంలో ఉన్నారు కదా?" అన్నాడు సోమలింగం.

ఇంకేముంది, విస్తరి ముందు కూర్చున్న పెద్దాయన్ని ముగ్గురూ ఎత్తుకెళ్ళి భీమవరం బస్సెక్కించారు. "నేనేం చేశాను అల్లుడుగారూ?" అన్నాడాయన. "ఇవాళ ఊళ్ళో ఉన్నారండి, అదే వచ్చిన చిక్కు" అన్నాడు వీరభద్రం.

సాయంత్రం మాణిక్యమ్మ వచ్చి, పిండి దులిపి కుర్చీలో కూర్చుంది. "ఈ అవతారాలేంటి నాయనా? వెబ్‌సైటులో ఏం మార్చారో చెప్పండి."

"అందులో ఏం మారలేదండి. పొద్దున్న బటనుకి కొత్త కోడు రాశానంతే" అన్నాడు వీరభద్రం.

"అది మార్పు కాదూ?"

"అది పనండి. మారింది చూడమన్నారు గానీ, చేసింది చూడమన్లేదు."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "ముందా పాత కోడు పెట్టు నాయనా."

వీరభద్రం పిండి ఊదుకుని పాతది పెట్టాడు. అంతే, బటను పలికింది, ఆర్డర్లు బిలబిలా వచ్చిపడ్డాయి. మర తప్పిందని అతనికి ఏడుపొచ్చినంత సంతోషం వేసింది.

"హమ్మయ్య. ఇక ఇక్కడ పూచికపుల్ల కూడా కదపకండి" అంటూ ఆవిడ లేవబోయింది.

వీరభద్రం అడ్డం నిలబడ్డాడు. "కూర్చోండమ్మా. మీరా కుర్చీలో ఉండగా పనిచేసింది. లేస్తే మార్పే కదండీ."

"నేను వెళ్ళకపోతే ఇన్ని పూతరేకులు ఎవరు చుడతారు?"

అప్పటికే సోమలింగం తలుపుకి లోపలినుంచి తాళం వేసేశాడు. ఎవరైనా తీసి ఏదైనా మార్చేస్తారేమోనని కనకరత్నం తాళంచెవి కిటికీలోంచి కాలవలోకి విసిరేశాడు. ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి.

"చూశారామ్మా" అన్నాడు వీరభద్రం తృప్తిగా, "ఆగట్లేదు."